అనంతపురం ఎండలో పాత పోలో జీటీ టీఎస్‌ఐ: రీమ్యాప్‌కు ముందు ఏమేమి చేయించాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్కారం. పోయిన నెల బెంగళూరులో 2016 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నాకంటే ముందు ఇద్దరు నడిపిన కారు. మీటరు మీద 78,000 కిలోమీటర్లు ఉన్నాయి. 60,000 వరకు సర్వీసు రికార్డు చేతికి వచ్చింది కాని, ఆ తరువాతి 18,000 కిలోమీటర్లలో ఎవరు ఏం చేయించారో తెలిపే కాగితం ఒక్కటీ లేదు. ఈ కారు 2013లో మన దేశంలో విడుదలైనప్పుడు నేను ఇంకా చదువుకుంటున్నాను. అంత చిన్న కారులో 1.2 లీటర్ల టర్బో (గాలిని నొక్కి లోపలికి పంపే) పెట్రోలు ఇంజను, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సు ఉన్నాయని చదివి అప్పటి నుంచీ మనసులో పెట్టుకున్నాను. 2020లో ఆ ఇంజను పోయి మూడు సిలిండర్ల 1.0 లీటరు ఇంజను వచ్చింది, 2022లో మన దేశంలో పోలో తయారీయే ఆగిపోయింది. కాబట్టి మనసుపడిన ఇంజనుతోనే కారు కావాలంటే పాతది వెతుక్కోవడం తప్ప దారి లేకపోయింది.

రోజువారీ వాడకం ఊళ్లోనే ఉంటుంది, సప్తగిరి సర్కిల్, టవర్ క్లాక్ చుట్టుపక్కల నిలిచి నిలిచి సాగే ప్రయాణం. నెలకు రెండుసార్లు తాడిపత్రి, ముద్దనూరు మీదుగా కడపకు వెళ్తాను, అప్పుడప్పుడూ 44వ జాతీయ రహదారి మీద బెంగళూరుకు వెళ్తాను. తాడిపత్రి దారిలో బండల లారీలు వరుసగా వెళ్తుంటాయని ఇక్కడివారందరికీ తెలుసు. వాటిని దాటేందుకు ఎదురుగా దొరికే ఖాళీ చాలా చిన్నది, ఆ ఖాళీలో కారు వెంటనే అందుకోవాలన్నదే నా ప్రధానమైన కోరిక. రేసులకు వెళ్లే ఉద్దేశం నాకు లేదు.

ఈ పనికి లక్షా యాభై వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాను. బెంగళూరులోని ఒక ట్యూనర్ స్టేజ్ 1 రీమ్యాప్ (విడిభాగాలు మార్చకుండా ఇంజను కంప్యూటర్‌లోని ప్రోగ్రామును మార్చి బలం పెంచడం) చేస్తే 105 పీఎస్ (అశ్వశక్తి) ఉన్నది 135 దాటుతుందని చెప్పారు. దానితోపాటు ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు, కారును రెండు అంగుళాలు కిందికి దించే స్ప్రింగులు, వీలైతే సైలెన్సర్ కూడా మార్పించాలని పట్టిక రాసుకున్నాను.

అయితే రెండు విషయాలు నన్ను ఆలోచింపజేస్తున్నాయి. ఉదయం ఆరు గంటలకు బయలుదేరితే కారు చెప్పినట్టు వింటుంది, మధ్యాహ్నం రెండు గంటలకు అదే దారిలో లారీని దాటబోతే పికప్ సగం పోయినట్టు ఉంటుంది. రెండోది, ఆగిన చోటి నుంచి కదిలేటప్పుడు మొదటి గేరులో సన్నని వణుకు తెలుస్తోంది. ఈ రెండూ పాత కారుకు సహజమేనా, లేక ముందు వీటి సంగతి చూసుకోవాలా? అసలు నా పట్టికలో ఏది ముందు, ఏది తరువాత, ఏది అనవసరం అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు 1 (కర్నూలు నుంచి, షెడ్డు నడిపే వ్యక్తి)

తమ్ముడూ, మీ పట్టికలో లేని వస్తువుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు చివర్లో రాసిన రెండు లక్షణాలే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించాయి.

ఈ ఇంజనులో టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచే పని నీళ్లు చేస్తాయి. చాలా టర్బో కార్లలో ఇంటర్‌కూలర్ ముందు బంపరు వెనక గాలికి ఎదురుగా ఉంటుంది, ఈ 1.2 టీఎస్‌ఐలో మాత్రం అది ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) లోపలే ఉంటుంది. దానిలోకి కూలెంట్‌ను తిప్పేందుకు ఇంజను పంపుతో సంబంధం లేని చిన్న ఎలక్ట్రిక్ పంపు ఒకటి, ఆ కూలెంట్ వేడిని బయటికి వదిలేందుకు ముందువైపు వేరే చిన్న రేడియేటర్ ఒకటి ఉంటాయి. ఆ పంపు నీరసించినా ఆగిపోయినా ఇంజను వేడి ముల్లు కదలదు, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగకపోవచ్చు కూడా. లోపలికి వెళ్లే గాలి మాత్రం సలసల కాగుతూ వెళ్తుంది. అప్పుడు ఇంజనును నడిపే కంప్యూటర్ నాకింగ్ (వేడికి ఇంధనం అదుపు తప్పి మండటం) రాకుండా స్పార్కును ఆలస్యం చేసి, అవసరమైతే బూస్టును (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడిని) తగ్గించి ఇంజనును కాపాడుకుంటుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం చచ్చుబడిపోవడానికి ఇదొక్కటే కారణమని నేను చూడకుండా తేల్చి చెప్పను, కాని నేనైతే మొట్టమొదట వెతికేది అక్కడే.

దాన్ని చూడటం పెద్ద పనేమీ కాదు. స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి అవుట్‌పుట్ టెస్ట్‌లో ఆ పంపును నడిపించి చూడవచ్చు, చెయ్యి పెడితే తిరుగుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. ముందు బంపరు విప్పించి ఆ రేడియేటర్ రెక్కల మధ్య ఏముందో కూడా చూడండి. మన రోడ్ల ఎర్రదుమ్ము, రాత్రి ప్రయాణాల్లో తగిలిన పురుగులు కలిసి మట్టి పూసిన గోడలా గడ్డకట్టి ఉంటాయి. దాన్ని ప్రెషర్ వాషర్‌తో దగ్గర నుంచి కొడితే రెక్కలు వంగిపోతాయి కాబట్టి, మామూలు గొట్టంతో లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు పట్టాలి. కూలెంట్ ఎవరైనా మార్చి ఉంటే, ఆ చిన్న వలయంలో గాలి బుడగ మిగిలిపోయిందేమో కూడా చూడాలి.

ఇక గేర్‌బాక్సు. ఇది డీక్యూ200 అనే రకం. దీనిలో రెండు క్లచ్‌లు ఉంటాయి, రెండూ నూనెలో తడవని పొడి క్లచ్‌లే. ఒకటి 1, 3, 5, 7 గేర్లను, మరొకటి 2, 4, 6 గేర్లతోపాటు రివర్సును చూసుకుంటుంది. మీకు వణుకు మొదటి గేరులోనే తెలుస్తోంది కాబట్టి మొదటి క్లచ్‌ను అనుమానించాలి. అయితే వణుకు తెలియగానే క్లచ్ ప్యాక్ మార్చమనే షెడ్డును నమ్మకండి. స్కానర్‌లో క్లచ్‌ల అరుగుదలకు సంబంధించిన విలువలు చదివించి, క్లచ్ ఇంకా బాగుందని తేలితే బేసిక్ సెట్టింగ్స్ అనే అడాప్టేషన్ (క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో గేర్‌బాక్సు కంప్యూటర్‌కు మళ్లీ నేర్పడం) చేయించండి. చాలా కార్లలో వణుకు దానితోనే తగ్గుతుంది. నిజంగానే క్లచ్ అయిపోయి ఉంటే, మీరు దాచిన సొమ్ములో పెద్ద భాగం దానికే పోతుంది. అది తెలియక ముందే రీమ్యాప్‌కు డబ్బు కట్టడం ఏమాత్రం సరికాదు.

నడిపే పద్ధతి కూడా చెప్పాలి. ట్రాఫిక్‌లో ముందు బండి అడుగు కదిలితే మనమూ అడుగు కదలడం ఈ క్లచ్‌కు పెద్ద శిక్ష. క్లచ్ సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచే నూనె ఏదీ అక్కడ లేదు. బ్రేకు పూర్తిగా తొక్కి పట్టుకోండి, ముందు ఒక కారు పొడవు ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టవద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణం ఉన్న ఇంజనాయిల్ పోయించండి, ప్లగ్గులు కొత్తవి వేయించండి, కాయిల్స్ చూపించండి. ఈ ఇంజను కుటుంబంలో ముందుతరానికి టైమింగ్ చెయిన్, తరువాతి తరానికి బెల్టు ఉంటాయి. మీ ఇంజను కోడ్ చూసి ఏది ఉన్నదో తెలుసుకొని, దాని పరిస్థితి కనుక్కోండి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజను కనుక వాల్వుల వెనకవైపును పెట్రోలు కడగదు, 78,000 కిలోమీటర్లకు అక్కడ మసి పేరుకొని ఉంటుంది. మానిఫోల్డ్ విప్పే అవసరం ఎలాగూ వస్తే అప్పుడే శుభ్రం చేయించండి.

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్‌ను మీ పట్టికలోంచి కొట్టేయండి. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పెట్టె ముందువైపు నుంచి బయటి గాలిని తీసుకుంటుంది. ఓపెన్ ఫిల్టర్ బానెట్ కింద ఇంజను చుట్టూ కాగుతున్న గాలిని పీలుస్తుంది, శబ్దం మాత్రం పెరుగుతుంది. మన దుమ్ములో టర్బో రెక్కలకు అది చేసే హాని వేరే.

జవాబు 2 (కడప నుంచి)

కర్నూలు అన్నగారు ఇంజను సంగతి చెప్పారు కనుక నేను ఆపే సంగతి చెబుతాను. నాలుగేళ్ల క్రితం నా దగ్గర వేరే చిన్న టర్బో కారు ఉండేది. దానికి రీమ్యాప్ చేయించాను కాని బ్రేకులను ముట్టుకోలేదు. ఒక మే నెల మధ్యాహ్నం రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నాను. ముందు లోడు లారీ, వెనక ఆర్టీసీ బస్సు, మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూనే వచ్చాను. సగం ఘాట్ దిగేసరికి పెడల్ మెత్తబడింది, ఇంకో రెండు మలుపులకు దాదాపు నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకును, కింది గేరును నమ్ముకొని పక్కకు తీసి నిలిపాను. పిల్లలు వెనక సీటులో నిద్రపోతున్నారు. ఆ రోజు ఆ ఘాట్ పక్కనే గంటసేపు కూర్చున్నాను, కారు చల్లారడానికి మాత్రమే కాదు, నా చేతుల వణుకు తగ్గడానికి కూడా.

తరువాత తెలిసిన కారణం చాలా చిన్నది. బ్రేకు ఆయిల్ ఐదేళ్లుగా మార్చలేదు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం, తేమ చేరిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే, మన కాలి బలం ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, ప్యాడ్ల దాకా చేరదు. అందువల్ల మీ కారులో ఇప్పుడున్న ఆయిల్ ఎప్పటిదో తెలియదు అంటే అది పాతదే అనుకొని డాట్ 4 కొత్తది పోయించండి, ఆ తరువాత రెండేళ్లకొకసారి తప్పకుండా మార్పించండి. పోలో జీటీకి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. డిస్కుల మందం కొలిపించండి, ప్యాడ్లు మంచివి వేయించండి, డ్రమ్ము లైనింగులు చూపించండి, మీ వాడకానికి అంతకంటే పెద్ద బ్రేకు కిట్ అవసరం లేదు. ఘాట్ దిగేటప్పుడు డీఎస్‌జీని మాన్యువల్‌లోకి మార్చి రెండో మూడో గేరులో ఇంజనే కారును పట్టుకొనేలా చూసుకోండి.

టైర్ల విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెల సంఖ్యను ముందు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాడి లోతు ఎంత మిగిలినా, మన ఎండకు ఐదారేళ్లు ఎండిన రబ్బరు రాయిలా గట్టిపడి వాన చినుకు పడితే జారుతుంది. లారీని దాటి మళ్లీ మన వరుసలోకి రావడం, ఎదురుగా గొర్రెల మంద అడ్డం వస్తే ఆగడం, రెండూ ఆ నాలుగు అరచేతులంత రబ్బరు మీదే ఆధారపడి ఉన్నాయి.

మీ కారుకు 185/60 ఆర్15 టైర్లు (మిల్లీమీటర్లలో వెడల్పు, అందులో శాతంగా పక్కగోడ ఎత్తు, అంగుళాల్లో చక్రం) ఉండి ఉంటే, వాటి వ్యాసం లెక్కకు 603 మిల్లీమీటర్లు. మీరు అనుకున్న 16 అంగుళాల చక్రాలకు 195/55 టైరు వేస్తే వ్యాసం 621 అవుతుంది, అంటే దాదాపు మూడు శాతం పెద్దది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ ఆ మేరకు పొడవైనట్టే, కాబట్టి మీరు పికప్ కోసం డబ్బు పెడుతూ ఇంకో చేత్తో దాన్ని తగ్గించుకుంటారు. చక్రం బరువు పెరిగితే ఆ నష్టం మరికొంత. ఉన్న 15 అంగుళాల చక్రాల మీదే 195/60 వేస్తే వ్యాసం 615, రెండు శాతం తేడా, గుంతలకు ఓర్చుకునే పక్కగోడ కూడా ఎత్తుగా ఉంటుంది. నేనైతే దాన్నే ఎంచుకుంటాను. లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు, తట్టుకునే వేగం) పాతవాటికంటే తక్కువ కాకుండా చూసుకోండి.

కిందికి దించే స్ప్రింగుల గురించి ఒక్క మాట. ప్రతి ఊరి మొదట్లో, చివర్లో ఉన్న స్పీడ్ బ్రేకర్లను కొలత చూసి కట్టలేదు. మనుషులు నలుగురు ఎక్కిన కారు రెండు అంగుళాలు దిగి ఉంటే, ఇంజనాయిల్ ఛాంబర్ ఏదో ఒక రోజు తగులుతుంది. ఆ డబ్బుతో అరిగిన షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు మార్పించి అలైన్‌మెంట్ చేయించండి. ఎనిమిదేళ్లు దాటిన కారుకు అది కొత్త కాళ్లు ఇచ్చినట్టు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తరువాత)

అన్నలిద్దరికీ కృతజ్ఞతలు. చెప్పినవాటిలో చాలా భాగం చేయించాను, అందుకే జవాబు ఆలస్యమైంది.

కర్నూలు అన్నగారూ, మీ అనుమానం నిజమైంది. ఆ చిన్న పంపు పూర్తిగా ఆగిపోయి ఉంది. మార్చక ముందు, బయట 40 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం స్కానర్‌తో కొలతలు తీశాము. నేను నడిపాను, మిత్రుడు పక్కన కూర్చొని రికార్డు చేశాడు. మానిఫోల్డ్‌లోకి వెళ్తున్న గాలి వేడి మామూలు వేగంలోనే 71 డిగ్రీలు ఉంది, రెండో గేరులో ఒకసారి పూర్తిగా తొక్కగానే 83కు చేరింది. స్పార్కును కంప్యూటర్ రెండు సిలిండర్లలో ఆరు డిగ్రీల దాకా వెనక్కు లాగుతోంది. పంపు మార్చి, రేడియేటర్ రెక్కలు కడిగించి, గాలి బుడగలు తీయించిన తరువాత, అదే దారిలో, దాదాపు అదే ఎండలో ఆ వేడి 52 డిగ్రీలు, తొక్కినప్పుడు 59. స్పార్కు వెనక్కు పోవడం రెండు, రెండున్నర డిగ్రీలకు దిగింది. మధ్యాహ్నం పోయిన పికప్ తిరిగి వచ్చింది. కంపెనీ కారుకు ఇచ్చిన బలాన్ని నేను ఇన్నాళ్లూ వాడుకోనేలేదని ఇప్పుడు తెలిసింది.

క్లచ్‌లు బాగానే ఉన్నాయన్నారు. అడాప్టేషన్ చేయించాక వణుకు చాలావరకు తగ్గింది, ఎత్తు మీద కదిలేటప్పుడు మాత్రం కాస్త మిగిలింది. బ్రేకు ఆయిల్, ముందు ప్యాడ్లు మార్చాను. టైర్లలో మూడు 2019వి, ఒకటి 2021ది. నాలుగూ తీసేసి 195/60 ఆర్15 వేయించాను. ఇంకా డెబ్బై వేలకు పైగా మిగిలింది.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. రీమ్యాప్ చేయించవచ్చా? నాకు ఇంకా ఆ కోరిక ఉంది, దాచను. కాని ఈ పొడి క్లచ్, ఈ ఎండ, ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ పెట్రోలు, ఈ మూడింటినీ తలచుకుంటే వెనుకాడుతున్నాను.

జవాబు 3 (ప్రొద్దుటూరు వాసి, ఇంజను క్యాలిబ్రేషన్ ఉద్యోగం)

చేయించవచ్చు. అయితే ట్యూనర్‌ను ఏమి అడగాలో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. 135 అనే ఒక్క అంకెను చూసి బేరం చేస్తే, ఆ అంకె ఏ దారిన వచ్చిందో మీకు తెలియదు, గేర్‌బాక్సుకు మాత్రం తెలుస్తుంది.

పీఎస్ అంటే టార్కును (ఇంజను చక్రాలను తిప్పే బలాన్ని) నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి సుమారు 7,023తో భాగిస్తే వచ్చేది. మీ ఇంజను కంపెనీ లెక్క ప్రకారం 1,500 నుంచి 4,100 చుట్ల వరకు 175 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది, 5,000 చుట్ల దగ్గర 105 పీఎస్ ఇస్తుంది. ఆ 105ను వెనక్కు లెక్కిస్తే 5,000 చుట్ల దగ్గర టార్కు సుమారు 147 మాత్రమే ఉందని తేలుతుంది. అంటే 4,100 దాటిన తరువాత కంపెనీవారే టార్కును మెల్లగా దించుతున్నారు. ఇప్పుడు ఆలోచించండి, గరిష్ఠ టార్కును ఒక్క న్యూటన్ మీటరు కూడా పెంచకుండా, ఆ 175నే 5,000 వరకు నిలబెట్టగలిగితే దాదాపు 125 పీఎస్ అవుతుంది. లారీని దాటేటప్పుడు డీఎస్‌జీ రెండు గేర్లు దించి ఇంజనును తీసుకువెళ్లేది సరిగ్గా 3,500 నుంచి 5,500 చుట్ల మధ్యకే, కాబట్టి మీకు అవసరమైన చోటే ఆ లాభం కనిపిస్తుంది.

క్లచ్‌ను జారనిచ్చేదీ, వేడెక్కించేదీ టార్కే కాని పీఎస్ కాదు. డీక్యూ200 గేర్‌బాక్సును 250 న్యూటన్ మీటర్ల వరకు ఉద్దేశించి రూపొందించారు. ఆ హద్దు కొత్త క్లచ్‌కు. 80,000 కిలోమీటర్ల దగ్గర ఉన్న, ఎత్తు మీద ఇంకా కాస్త వణుకుతున్న క్లచ్‌కు ఆ హద్దు దాకా వెళ్లే హక్కు లేదు. చాలా రీమ్యాప్‌లు 1,800 చుట్ల దగ్గరే టార్కును 220, 230కి ఒక్కసారిగా లేపుతాయి, ఎందుకంటే షెడ్డు బయట మొదటిసారి నడిపే కస్టమరుకు వీపు సీటుకు అంటుకుంటేనే తృప్తి. మీరు ఆ ట్యూనర్‌ను అడగవలసినది దీనికి విరుద్ధమైనది. 2,500 చుట్లలోపు టార్కును కంపెనీ ఇచ్చినట్టే ఉంచమనండి. మధ్యలో 195 దాటనివ్వవద్దనండి. పైన టార్కు పడిపోవడాన్ని మాత్రం నెమ్మదింపజేయమనండి. గేర్‌బాక్సు కంప్యూటర్‌లో ఉండే టార్కు హద్దులను తొలగిస్తామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. ఇలా చేస్తే 135 రాకపోవచ్చు, 120 పైన ఎక్కడో ఆగుతుంది.

పై చుట్లలో టార్కు నిలబెట్టడానికి కూడా ఒక హద్దు ఉంది. ఈ టర్బో చిన్నది, కింది చుట్లలో త్వరగా లేవడానికి ఎంచుకున్నది. దాన్ని పైన ఎక్కువ తిప్పితే గాలిని నొక్కడం కంటే కాచడం ఎక్కువ చేస్తుంది. మన ఊళ్లలో ఈ ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువే. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి సాంద్రత సుమారు ఎనిమిదిన్నర శాతం తక్కువ, అనంతపురం సముద్రమట్టానికి మూడువందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కనుక మరో మూడు, నాలుగు శాతం తగ్గుతుంది. అదే బలం రావాలంటే టర్బో ఆ లోటును పూడ్చడానికి ఎక్కువ తిరగాలి. డిసెంబరు రాత్రి బెంగళూరులో చేసి చూపిన మ్యాప్ మే మధ్యాహ్నం గుత్తి దగ్గర అలాగే నడవదని ఇందుకే అంటాను. వేసవిలోనే చేయించండి, లేదా గాలి వేడి మితిమీరితే బూస్టు దానంతట అది తగ్గేలా ఉన్న కంపెనీ రక్షణలను ముట్టుకోలేదని ట్యూనర్ చేత రాయించుకోండి.

పెట్రోలు విషయం. ఇథనాల్‌కు నాకింగ్‌ను ఓర్చుకునే గుణం ఎక్కువ, అంతవరకు అది మేలే. కాని లీటరుకు దానిలో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిసిన ఇంధనంలో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది, అదే పనికి ఇంజెక్టర్లు అంత ఎక్కువ ఇంధనం చిమ్మాలి. రీమ్యాప్ చేసేవారు ఈ లెక్క వేసుకోకపోతే పూర్తి లోడులో గాలికి తగినంత ఇంధనం అందక మిశ్రమం పలచబడే ప్రమాదం ఉంది. మీ కారు తయారైన నాటికి ఇంత ఇథనాల్ వాడుకలో లేదు, కాబట్టి ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టాలను ఏడాదికొకసారి చూపించండి, పెట్రోలు నింపి కారును నెలల తరబడి నిలబెట్టవద్దు. 95 ఆక్టేన్ (నాకింగ్‌ను ఎక్కువగా ఓర్చుకునే) పెట్రోలు మీ దారిలో నమ్మకంగా దొరికితేనే దానికి తగ్గట్టు మ్యాప్ చేయించండి. దొరకని రోజు మామూలు పెట్రోలు పోసినా ఇంజను భద్రంగా ఉండాలి, అందుకు తగినంత వెసులుబాటు మ్యాప్‌లో ఉండాలి.

డబ్బు ఇచ్చే ముందు మూడు పనులు చేయించుకోండి. కారు కంప్యూటర్‌లో ఇప్పుడున్న ప్రోగ్రాము ఫైలును చదివించి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పాత యజమానుల్లో ఎవరైనా ఇప్పటికే రీమ్యాప్ చేయించారేమో ఆ ఫైలును కంపెనీ ఫైలుతో పోల్చి చూస్తే తెలుస్తుంది, సెకండ్ హ్యాండ్ జీటీల్లో ఇది అరుదేమీ కాదు. మ్యాప్ వేశాక మీరు ముందు తీసిన కొలతలనే మళ్లీ తీయండి: గాలి వేడి, స్పార్కు వెనక్కు పోవడం, కంప్యూటర్ అడిగిన బూస్టు, నిజంగా వచ్చిన బూస్టు. స్పార్కు నాలుగు డిగ్రీలకు మించి వెనక్కు పోతూ ఉంటే ఆ మ్యాప్ మన ఎండకు ఎక్కువైనట్టే, తగ్గించమని అడగండి.

సైలెన్సర్ గురించి అడిగారు. ఈ స్థాయి మ్యాప్‌కు కంపెనీ సైలెన్సర్ అడ్డం కాదు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని హానికర వాయువులను తగ్గించే భాగం) తీసేసిన పైపుల జోలికి వెళ్లకండి. కాలుష్య పరీక్ష సంగతి అటుంచితే, ఊరి గాలిని మన పిల్లలే పీల్చాలి.

జవాబు 4 (అనంతపురం నుంచి)

కారు కర్ణాటక రిజిస్ట్రేషన్‌తో ఉందని అనుకుంటున్నాను. ఏ మార్పు చేయించాలన్నా ముందు ఆ కాగితాలు పూర్తి చేయండి. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, యాజమాన్యం మార్పుకు ఫారం 29, 30, ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27 కావాలి. పాత యజమాని లోను తీరి ఉంటే ఫారం 35 కూడా తీసుకోండి. వేరే రాష్ట్రపు కారును ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తప్పనిసరి. ఇక్కడ జీవితకాలపు పన్ను కట్టిన తరువాత, కర్ణాటకలో మిగిలిన కాలానికి పన్ను వాపసు కోరే అవకాశం ఉంది, ఆ దరఖాస్తును చాలామంది మర్చిపోతారు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా కారును మార్చరాదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని స్పష్టం చేసింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు శిక్ష, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రీమ్యాప్ కంటికి కనిపించదు కదా అనే మాట నేను చాలాసార్లు విన్నాను. పెద్ద ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయర్‌కు కనిపిస్తుంది. కాబట్టి మ్యాప్ చేయించే ముందే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, వారి జవాబు చేతికి వచ్చాక నిర్ణయం తీసుకోండి. వారు కాదంటే ఆ మాటను లెక్కలో పెట్టుకొని ఆలోచించండి.

ప్రశ్న అడిగినవారు

ఎన్‌ఓసీ కోసం ఈ సోమవారమే బెంగళూరు వెళ్తున్నాను, ఫారం 35 సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. బీమా కంపెనీకి ఉత్తరం రాశాను. ట్యూనర్‌కు ఫోను చేసి 2,500 చుట్లలోపు టార్కు పెంచవద్దని చెబితే, అలాంటి మ్యాప్ అడిగేవారు తక్కువని, చేయడానికి అభ్యంతరం లేదని, అసలు ఫైలు ప్రతి ఇస్తామని అన్నారు. బీమావారి జవాబు వచ్చే వరకు ఆ పని ఆపి ఉంచుతాను. ఈలోగా వెనక షాక్ అబ్జార్బర్లు, ముందు స్ట్రట్ మౌంట్లు మార్పిస్తున్నాను. మే నెల మూడో వారంలో కడప వెళ్లినప్పుడు మధ్యాహ్నం పూట కొలతలు మళ్లీ తీసి ఇక్కడ పెడతాను, ప్రొద్దుటూరు అన్నగారు చూసి చెప్పగలరు.